పావలా ఫకీరు

గుట్ట ఎక్కిననాడు వన్నూరప్ప రొంటిలో ఎనభై ఆరు రూపాయలున్నాయి. అందులో ఒక్క పైసా కూడా ఎవరో ఊరకే పెట్టింది కాదు.

అతనికి పన్నెండేళ్లప్పుడు నాయన పోయాడు. నాయన వాడిన దూది ఏకే విల్లు భుజానికెత్తుకుని అతను ఊళ్ల మీద పడ్డాడు. పాత పరుపు విప్పడం, ముద్దకట్టిన దూదిని ఏకి పొంగించడం, మళ్లీ కుట్టివ్వడం. పరుపుకు ఇంత, దిండుకు ఇంత. లెక్కల్లో మహా చురుకు. దూది కుప్పను కంటితో చూసి తూకం చెప్పేవాడు. తర్వాత తక్కెడ కూడా ఆ మాటే చెప్పేది.

మేనమామ చేబదులు ఇస్తానంటే వద్దన్నాడు. అన్న తన ఇంట్లో ఒక గది ఊరకే ఉండమంటే, నెలనెలా అద్దె తెచ్చి వదిన చేతిలో పెట్టాడు. మూడో నెల అన్నే వేరే ఇల్లు చూసుకోమన్నాడు. ఎవరైనా టీ తాగిస్తే ఆ పూటే ఎదురు టీ తాగించేదాకా వన్నూరప్పకు కాలు నిలిచేది కాదు. "నా చెయ్యి పైనుండాల్సిందే గానీ కింద పడదు" అని చెప్పుకునేవాడు. చెప్పుకున్నప్పుడల్లా అతని ఛాతీ కొంచెం పొంగేది.

ఇరవై ఆరో ఏట జ్వరం వచ్చింది. అద్దె గదిలో పదకొండు రోజులు పడి ఉన్నాడు. తలుపు తట్టినవాడు లేడు. పన్నెండో రోజు గోడ పట్టుకుని లేచి, కుండలో అడుగంటిన నీళ్లు తాగి, డబ్బు రొంటిన దోపుకుని, నలుగురూ చెప్పుకునే దర్గా గుట్టకు బయలుదేరాడు.

గుట్ట మీద చిన్న దర్గా, పక్కన ఒక రాతి గది. అక్కడ కాశీం అనే ముసలి ఫకీరు ఉండేవాడు. ఎనభై దాటినవాడు. మోకాళ్లు పనిచెయ్యక గుట్ట దిగి ఆరేళ్లయింది. తురకలూ హిందువులూ అందరూ ఆయన్ని తాతా అనే పిలిచేవాళ్లు.

వన్నూరప్ప సలాం చేసి ఎదురుగా కూర్చున్నాడు.

"తాతా, నేను ఎవరి సొమ్మూ తినలేదు. ఎవరికీ దమ్మిడీ బాకీ లేను. అయినా పదకొండు దినాలు చచ్చినానో బతికినానో చూసే దిక్కు లేకపాయ. నేనేం పాపం చేసినా?"

తాత అతని మొహం చూశాడు. తర్వాత గోడకున్న మేకు వైపు చెయ్యి చూపించాడు. మేకుకు మాసిన ఆకుపచ్చ జోలె వేలాడుతోంది.

"నలభై దినాలు దాన్ని తిప్పు. ఆ మీద నీ చెయ్యి పట్టుకుంటా."

గురువు చెయ్యి పట్టుకోవడం అంటే శిష్యుడుగా ఒప్పుకోవడం. చెయ్యి పట్టినవాణ్ని గురువు ఇక వదలడు. ఈ లోకంలో తనదని చెప్పుకునే మనిషి ఒకడుంటాడు. వన్నూరప్పకు కావలసింది అదే. కానీ జోలె చూడగానే అతను చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"అడుక్కోవాల్నా తాతా? నేనా? ఊళ్లో పరుపులు కుట్టి దినానికి మూడు రూపాయలు తెస్తా. ఇద్దరం తిన్నా మిగులుతాది."

"పరుపులు కుట్టేవాళ్లు శానామంది ఉండార్లే" అన్నాడు తాత.

జోలె పద్ధతి చెప్పాడు. గుట్ట కింది ఊళ్లో ఏడిళ్లు. ఎప్పుడూ అవే ఏడు, ఎనిమిదో గడప ఎక్కకూడదు. గడప ముందు ఒక్కసారే కేక వెయ్యాలి. పెడితే పట్టాలి, పెట్టకపోతే ముందుకు పోవాలి. ఏం పెట్టారో జోలెలోకి తొంగి చూడకూడదు. ఏడిళ్ల గింజలూ కలిపి ఒకే కుండలో అంబలి కాచుకోవాలి.

ఇంతే చెప్పాడు. జోలె పట్టినవాడు ఎదురు ఏమీ ఇవ్వకూడదని చెప్పలేదు. అది కూడా చెప్పాల్సి వస్తుందని ఆయనకు తోచి ఉండదు.

*

గుట్ట దిగుతూ వన్నూరప్ప మనసులో లెక్క కట్టాడు. ఏడిళ్లు, నలభై రోజులు. రెండువందల ఎనభై పిడికిళ్లు. పిడికిలికి పావలా చొప్పున డెబ్బై రూపాయలు. ఇంకా పదహారు మిగులుతాయి. పదో మెట్టు దిగేసరికి లెక్క తేలింది. ఇరవయ్యో మెట్టు దగ్గర అతనికి మళ్లీ ఊపిరి ఆడింది.

మొదటి ఇల్లు అంగడి నాగేంద్రమ్మది. అక్కడే నోట్లు మార్చి పావలాలు తీసుకున్నాడు.

"ఇన్ని పావలాలు ఏం చేసుకుంటావప్పా? గోలీలాడతావా?" అంది నాగేంద్రమ్మ.

అతను రెండడుగులు వెనక్కి వేసి, గడప ముందు నిలబడి, "అల్లా పేర ఒక్క పిడికెడు!" అని కేక వేశాడు. ఆమె నవ్వుకుంటూ లోపలికి పోయి గుప్పెడు జొన్నలు తెచ్చి జోలెలో వేసింది. అతను అరుగు మీద ఒక పావలా పెట్టి రెండో ఇంటికి నడిచాడు.

సాయంత్రానికి సంగతి ఊరంతా పాకింది.

"వాడేం ఫకీరురా, అడుక్కున్నదానికి బాడుగ కడతాడు!"

"రేపు మా ఇంటికి పంపండప్పా, రెండు పావలాలిస్తే బియ్యమే పెడతా."

"పావలా ఫకీరొచ్చినాడు, చిల్లర తీసుకోండి!"

పేరు అట్లా పడిపోయింది. వన్నూరప్పకు కోపం రాలేదు సరిగదా, లోపల్లోపల బాగానే ఉంది. అడుక్కునేవాణ్ని చూసి జనం మొహం తిప్పుకుంటారు. తనను చూసి నవ్వుతున్నారు. నవ్వనీ. ఈ జోలె పుట్టినప్పటి నుంచీ దీన్ని తలవంచకుండా మోసింది తానొక్కడే అనుకున్నాడు.

తాతకు మాత్రం చెప్పలేదు. నలభై రోజులూ అయ్యాక లెక్కంతా ఒకేసారి ఆయన ముందు పెట్టాలని దాచుకున్నాడు.

గుట్ట మీద అతనికి ఇంకొక పని ఉండేది. పొద్దు వాలే వేళ తాత కాళ్లు చాపుకుంటే కూర్చుని పిసికేవాడు. ఎవరూ చెప్పలేదు. మొదటిరోజు ఆ ఎండిన మోకాళ్లు చూసి చేతులు వాటంతటవే వాటి మీదికి పోయాయి. జన్మలో అతను లెక్క పెట్టుకోకుండా చేసిన పని అదొక్కటే.

*

ఐదో ఇల్లు సుంకమ్మది. వీధి చివర ఒంటి గది, తాటాకు కప్పు. డెబ్బై ఏళ్ల మనిషి, నడుం విరిగి కూలికి పోవడం మానేసింది. పంట కాలంలో కళ్లాల్లో ఊడ్చి చెరిగి తెచ్చుకున్న కొర్రలు ఒక కుండలో ఉంటాయి. వచ్చే పంటదాకా అవే. పక్కింటి లింగన్న వాళ్లు పూటకు ఒక సంగటి ముద్ద పంపేవాళ్లు. ఆమె కొడుకు ఈరన్న బావి తవ్వుతూ మట్టిపెళ్ల విరిగి పడి పోయాడు. పోయి పదిహేనేళ్లు.

మొదటిరోజు వన్నూరప్ప కేక విని ఆమె గోడ పట్టుకుంటూ వచ్చింది. గుప్పెట మూసి తెచ్చి, జోలెలో చెయ్యి పెట్టాక గానీ విప్పలేదు.

"ఇది నా కొడుకు పాలు, వాని వంతు నాయనా. పొయ్యి రాజెయ్యకముందే తీసి పెడతా. వాడు తిన్నట్టే నాకు."

వన్నూరప్ప తలూపి అరుగు మీద పావలా పెట్టాడు.

"ఏందప్పా ఇది?"

"ఉంచుకో అవ్వా. ఊరకే నేను తీసుకోను."

"పిడికెడు కొర్రలకు పావలానా?"

"నా పద్ధతి అంతే అవ్వా. పుట్టినప్పటినుంచీ ఎవరి దగ్గరా ఊరకే తీసుకోలేదు."

ఆమె పావలా వైపు చూస్తూ అలాగే నిలబడింది. అతను ఆరో ఇంటికి, లింగన్న గడపకు పోయాడు.

నాలుగైదు రోజులు అలాగే జరిగింది. ఆరో రోజు ఆమె గుప్పెటతో రాలేదు. పావుసేరు కొలిచే డబ్బాతో వచ్చింది. డబ్బా నిండా కొర్రలు, పైన చేత్తో చదును చేసి తెచ్చింది. జోలెలో వంచి, అడుగున తట్టింది.

"సరిపాయనా?" అంది.

ఆ వేళకు అంగట్లో కొర్రల ధర కూడా అదే. పావలాకు పావుసేరు. వన్నూరప్పకు ముచ్చటేసింది. ఏడిళ్లలో తన పద్ధతి తెలిసిన మనిషి ఈమె ఒక్కతే అనుకున్నాడు.

"సరిపాయె అవ్వా" అన్నాడు.

ఆ రోజునుంచి ఆమె కొడుకు మాట ఎత్తలేదు. కొలిచేది, వంచేది, లోపలికి పోయేది. అతనూ ఎక్కువసేపు నిలబడేవాడు కాదు. ఇద్దరికీ ఒకరితో ఒకరికి పని లేకుండా పోయింది. అతనికి అది బాగానే ఉంది.

ముప్పై మూడో రోజు తలుపు తియ్యలేదు. కేక ఒక్కసారే వెయ్యాలి కాబట్టి ఒక్కసారే వేసి ముందుకు పోయాడు. పోతూ పోతూ ఆ రోజుకు పావలా మిగిలిందని అనుకోకుండానే లెక్క వేసుకున్నాడు.

మరునాడూ అంతే. ఆ మరునాడూ అంతే.

అంబలి తాగుతూ తాత ఒకరోజు గిన్నె దించాడు. ఏ ఇంటి గింజ ఏదో ఆయన నాలుకకు తెలుసు.

"కొర్ర రావడం లేదే."

"తలుపు తియ్యడం లేదు తాతా."

"ఊళ్లో లేదేమో?"

"ఏమో తాతా. పెట్టకపోతే ముందుకు పొమ్మన్నావు గదా."

తాత గిన్నె మళ్లీ పైకెత్తలేదు.

*

నలభయ్యో రోజు సాయంత్రం వన్నూరప్ప స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని తాత ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఇన్నాళ్లూ దాచుకున్నది బయటపెట్టాడు.

"తాతా, నలభై దినాలు జోలె తిప్పినా. కానీ ఎవరి దగ్గరా ఊరకే తీసుకోలేదు. ప్రతి పిడికిలికీ పావలా పెట్టి వచ్చినా. డెబ్బై రూపాయలు కావాల్సింది, ఐదో ఇంట్లో ఎనిమిది దినాలు తలుపు తియ్యలేదు కాబట్టి అరవై ఎనిమిదే అయింది. ఈ ఊరికి నేను పిడికెడు గింజ కూడా బాకీ లేను."

తాత మొహంలో ఏం కదిలిందో ఆ వెలుతురులో సరిగ్గా కనబడలేదు.

"ప్రతి ఇంట్లోనా?" అన్నాడు.

"ప్రతి ఇంట్లో."

"సుంకమ్మ ఇంట్లో కూడా?"

"ముప్పై రెండు పావలాలు తాతా. ఒక్కటి తప్పలేదు."

తాత కళ్లు మూసుకున్నాడు. ఇప్పుడు చెయ్యి పట్టుకుంటాడని వన్నూరప్ప రెండు చేతులూ ముందుకు చాచాడు. అతని కళ్లూ మూసుకుపోయాయి.  పదకొండు రోజుల జ్వరంలో ఎవరైనా ఒక్కసారి నుదుటి మీద పెడితే చాలుననుకున్న చెయ్యి, ఇప్పుడు తన చేతుల్లోకి రాబోతోంది.

అరచేతిలో చల్లగా ఏదో పడింది.

కళ్లు తెరిచి చూశాడు. పావలా.

"ఏంది తాతా ఇది?"

"కూలి. దినామూ నా కాళ్లు పిసికినావు గదా. దినానికి పావలా. ఇది ఒకనాటిది. తక్కినవి జనం ఊదుబత్తీల కోసమని దర్గా పెట్టెలో చిల్లర వేసినప్పుడల్లా ఇస్తా. అంతా కలిపి ఎంతయిందో నువ్వే చెప్పు. నీకు లెక్కలు బాగా వస్తాయంట."

పది రూపాయలు. అతను వద్దనుకున్నా ఆ లెక్క తనంతట తానే తేలిపోయింది. 

"నేను కూలికి చేసినానా తాతా?"

"ఊరకే నేనెట్ల చేయించుకుంటా?" అన్నాడు తాత. గోడవైపు తిరిగి, పంచె మోకాళ్ల కిందికి లాక్కున్నాడు. ఆ కాళ్లు ఇక ముట్టుకోవడానికి లేదన్నట్టు.

వన్నూరప్ప ఆ నాణెం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.  ఆ పావలాను విసిరికొట్టాలనిపించింది, ముసలాయన్ని పట్టుకుని ఊపాలనిపించింది, ఏడవాలనిపించింది. ఏదీ చెయ్యలేదు. నాణేన్ని అటూ ఇటూ తిప్పుతూ ఉండగా చేతులు ఉన్నట్టుండి ఆగిపోయాయి.

పావుసేరు డబ్బా కళ్లముందు కనబడింది. పైన చేత్తో చదును చేసిన కొర్రలు. సరిపాయనా? అన్న మాట.

లేచి గుట్ట దిగడం మొదలుపెట్టాడు. సగం మెట్ల నుంచి పరుగెత్తాడు.

*

పశువులు ఇళ్లకు చేరే వేళ. లింగన్న అరుగు మీద కూర్చుని తాడు పేనుతున్నాడు.

"ఏమప్పా పావలా ఫకీరూ, ఈ వేళప్పుడొచ్చినావు?"

"సుంకమ్మవ్వ ఊళ్లో ఉందా అన్నా?"

"యాడికి పోతాది? లోపలే ఉంది. ఎనిమిది దినాలాయె, నా పెళ్లాం సంగటి తీసుకపోతే తలుపు తియ్యదు. 'జోలె పట్టినోడే ఊరకే తీసుకోడు, ఇల్లున్న దాన్ని నాకు సిగ్గుండొద్దా' అనె. గింజలున్నాయిలే, వండుకుంటున్నా అనె. మేమూ అట్లే అనుకున్యాం." లింగన్న తాడు పక్కనపెట్టాడు. "ఏమయిందప్పా? ఎందుకట్ల రొప్పుతాండావు?"

ఇద్దరూ తలుపు నెట్టారు. లోపలి గడియ పాతది, ఊడి వచ్చింది.

సుంకమ్మ గోడవారగా పడుకుని ఉంది. పొయ్యిలో బూడిద కూడా చల్లారి రోజులైనట్టుంది. మూలనున్న కుండ బోర్లించి ఉంది. గూట్లో, దీపం పెట్టేచోట, పావలాలు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి. ఎనిమిదేసి చొప్పున నాలుగు దొంతరలు. ఒక్కటీ ఖర్చు కాలేదు.

"అవ్వా, ఇవి పెట్టి గింజలు కొనుక్కోకపోయినావా?"

ఆమె కళ్లు తెరిచింది. మాట కూడగట్టుకోవడానికి సేపు పట్టింది.

"కొడుకు పాలు అమ్ముకున్న డబ్బుతో కూడు తింటారా అప్పా?"

గూట్లోని దొంతరల వైపు చూసి, "నువ్వు పావలా పెడతాంటివి. పిడికెడు పెడితే నీకు బాకీ పడతానని కొలిచి పోసినా. అయిపోయినాక ఇంగ తలుపెట్ల తెరవాల?" అంది.

వన్నూరప్ప లింగన్న ఇంటికి పరుగెత్తి పాలు తెచ్చాడు. వేడివేడివి ఊదుతూ, చేత్తో ఆమె తల ఎత్తిపట్టుకుని, గ్లాసు పెదాలకు ఆనించాడు. ఆమె తాగలేదు. గ్లాసు మీదుగా అతన్ని చూసింది.

"ఎంతప్పా?"

"ఏంది అవ్వా?"

"పాలు. ఎంత?"

"ఊరకే అవ్వా. ఊరకే. తాగు."

ఆమె మొహంలో కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు. నేర్చుకున్న పాఠం అప్పజెప్పే మనిషిలా మెల్లగా తల అడ్డంగా ఊపింది.

"ఊరకే నేను తీసుకోను."

అని గోడవైపు తిరిగింది.

లింగన్న పెళ్లాం వచ్చి బతిమాలింది, తిట్టింది, ఏడ్చింది. చివరికి ఆమె చేతిమీదుగా సుంకమ్మ రెండు గుక్కలు మింగింది. అవి కూడా నిలవలేదు. మూడోరోజు పొద్దున సుంకమ్మ పోయింది. వన్నూరప్ప ఆ మూడు రోజులూ గడప దాటలేదు. అవ్వా అని పిలుస్తూనే ఉన్నాడు. ఆమె మళ్లీ అతని వైపు తిరగలేదు.

ఊరివాళ్లు గుంత తవ్వారు. అతను పార అందుకోబోతే ఎవరో పక్కకు జరిపారు. పైన కప్పే కొత్తగుడ్డ కొనడానికి డబ్బు తీస్తే నాగేంద్రమ్మ చేత్తోనే తోసేసింది.

"నీ చిల్లర నీ దగ్గరే పెట్టుకోప్పా. మా ఊరి ముసిల్దానికి మేం కప్పుకుంటాం."

అంతా అయ్యాక లింగన్న గూట్లోని పావలాలు ఒక గుడ్డలో మూటకట్టి తెచ్చి అతని చేతిలో పెట్టాడు. "ఎవరివి వాళ్లకు పోవాల" అన్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

*

వన్నూరప్ప మూట తెచ్చి తాత ముందు పెట్టి నేల మీద పడ్డాడు. ఎంతసేపు ఏడ్చాడో తెలియదు. తాత ఓదార్చలేదు. ఆయన కళ్లూ తడిగానే ఉన్నాయి.

"కొర్ర రావడం లేదేమని అడిగినా గానీ, ఇంకో మాట అడగలేదు నేను" అన్నాడు తాత. అది వన్నూరప్పతో అన్నట్టు లేదు.

చాలాసేపటికి వన్నూరప్ప లేచి కూర్చున్నాడు. మొహం తుడుచుకున్నాడు. నేలను చూస్తూ, గడగడా చెప్పుకుపోయాడు.

"తాతా, ఇందులో ఎనిమిది రూపాయలున్నాయి. నా దగ్గర పద్దెనిమిది. మొత్తం ఇరవై ఆరు. ముందు ఆమె గుంత మీద రాయి వేయిస్తా. ఆ మీద పరుపులు కుట్టి నెలకు పది రూపాయలు పక్కన పెడతా. ఏడాదికి నూట ఇరవై. ఏటేటా ఆమె పోయిననాడు ఊరందరికీ కొర్రన్నం వండి పెడతా. ఇరవై ఏళ్లు పెడతా. ముప్పై ఏళ్లు పెడతా. అప్పటికైనా తీరుతాది గదా తాతా?"

"ఇంకా తీర్చేద్దామనే చూస్తాండావా?" అన్నాడు తాత.



తాత వంగి, మూట తీసి, అతని చేతిలో పెట్టి వేళ్లు ముడిచాడు. ఆ ముడిచిన పిడికిలి మీద తన చెయ్యి ఒక్క క్షణం ఉంచి, తీసేశాడు.

"ఈ బాకీ ఒక్కటైనా ఉండనీ నాయనా. మోసుకుంటా తిరుగు."

 కాసేపటికి మేకు వైపు చూశాడు.

వన్నూరప్ప జోలె తీసి భుజాన వేసుకున్నాడు. పద్దెనిమిది రూపాయలు విప్పి దర్గా గడప మీద పెట్టాడు. మూటను మాత్రం రొంటిన దోపుకున్నాడు. ముప్పై రెండు పావలాలు. నడుస్తుంటే అడుగడుగుకూ తుంటికి తగిలాయి.

ఊళ్లో ఎండ ఏటవాలుగా కాస్తోంది. వీధిలో మాటలు అతను వస్తుంటే ఆగిపోతున్నాయి, దాటాక మళ్లీ మొదలవుతున్నాయి. ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. ఎవరూ నవ్వలేదు.

నాగేంద్రమ్మ గడప ముందు నిలబడ్డాడు. లోపల చేటలో గింజలు చెరుగుతున్న చప్పుడు. అతని నీడ గడప మీద పడగానే ఆ చప్పుడు ఆగింది. ఆమె బయటికి రాలేదు. తలుపూ వెయ్యలేదు.

మూడు రోజులుగా అతని కడుపులో ఏమీ లేదు. ఆమెకు ఇవ్వడానికి చేతిలోనూ ఏమీ లేదు. వన్నూరప్ప రెండు చేతులతో జోలె విప్పి పట్టుకుని, కేక వెయ్యడానికి ఊపిరి పీల్చాడు.